మెరుపుచుక్క

సౌభాగ్యవతి రాణికి,

కోరుట్ల నుంచి నీ పెనిమిటి పోశం రాసేది. ఇక్కడ నేనూ, మన బిడ్డ అక్షితా ఏ నలతా లేకుండా ఉన్నాం. మస్కట్‌లో నువ్వూ అట్లాగే ఉండాలని పొద్దున దీపం ముట్టించినప్పుడల్లా అనుకుంటాను. ఇబ్రహీంపట్నం సమ్మయ్య సెలవు అయిపోయి మళ్లీ అక్కడికే వస్తున్నాడు. పసుపు, మామిడికాయ తొక్కు, కొన్ని సకినాలు అతని సంచిలో పెట్టాను. ఈ ఉత్తరం తొక్కు డబ్బా పక్కనే ఉంటుంది. నూనె అంటితే అంటుతుంది, అక్షరాలు కనిపిస్తే చాలు.

ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్లీ ఈ కాగితం ఎందుకని అడుగుతావు. వీడియో కాల్ చేసినప్పుడు ఫోన్ పట్టుకునేది అక్షిత. ఆమె చేతిలోని ఫోన్‌లో ఆమె గురించి నేనేం చెప్పను? అందుకే రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. సిరిసిల్లలో మీ అమ్మ మోకాలు ఇప్పుడు నయం. పట్టీ కట్టుకొమ్మంటే మాత్రం "పట్టీ కట్టుకుంటే ముసలిదాన్ని అయిన అంటరు" అని విసిరేసింది. వంటింటి రేకు మార్పించాను, ఈ వానకు ఒక్క చుక్క కారలేదు. అక్షిత డిగ్రీ పరీక్షలు అయిపోయాయి. ఇక నాలుగోది. మీ షేఠ్ ఇంట్లో ఇంకో రెండేళ్లకు కాగితం మీద సంతకం పెట్టమంటున్నారనీ, జగిత్యాలలో నాకు స్కూలు నౌకరి ఖాయమైతే పెట్టకుండా వచ్చేస్తాననీ రాశావు. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. ఉత్తరం మొత్తం చదువు.

డాక్టర్ సారు కోసం వేసిన బొమ్మ ఫోటో పంపితే, 'నీ చెయ్యి ఇంత మెత్తగా ఎప్పుడైంది' అని మెచ్చుకున్నావు. రాణీ, ఆ చెయ్యి నాది కాదు. మన బిడ్డది. నీకు అప్పుడే చెప్పవలసింది. చెప్పలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. జగిత్యాల పళ్ల డాక్టర్ అరుణ్ సారు నీకు తెలుసు, ఆయన మొదటి దవాఖాన బోర్డు నేనే రాశాను. ఆయన ఎండాకాలంలో యూరప్ తిరగడానికి పోయి, అక్కడ ఒక మ్యూజియంలో ఒక ఆడమనిషి బొమ్మ చూశాడట. బెల్జియం, హాలెండ్ వైపు ఐదారు వందల ఏళ్ల కిందట వేసింది. దాని ప్రింటు తెచ్చి నా ముందు పెట్టి, "పోశం, ప్రింటు గోడకు పెడితే పోస్టర్ లెక్కనే ఉన్నది. నాకు గిది నూనె రంగుల్ల కావాలె. నీతోని అయితదా?" అన్నాడు. కానిది నాకేముంది? కోరుట్లలో ఫ్లెక్సీలు రాకముందు ఏ దుకాణం మీద బొమ్మ చూసినా నాదే కదా. అయితది సార్ అన్నాను.

ఆ బొమ్మలో పెద్ద విశేషం ఏమీ కనిపించదు. నల్లటి వెనకభాగం. నడుము దాకా ఒక మనిషి. నెత్తికి పలుచని తెల్లబట్ట మడతలు పెట్టి పిన్నులతో బిగించుకున్నది. చేతులు ఒకదాని మీద ఒకటి. కళ్లు కిందికి వాల్చింది. నవ్వదు, ఏడవదు. నేను వారంలో వేసేశాను. నా పద్ధతి నీకు తెలియనిదా? గీత గీసి, రంగు నిండుగా పోసి, బుగ్గల మీద ఎరుపు, ముక్కు మీద తెలుపు. ఫోటో పంపితే సారు ఫోన్ చేశాడు. "పోశం, గీమె నవ్వుతున్నదేంది? చీరెల దుకాణం మీద పెండ్లిపిల్ల లెక్కున్నది."

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, కుంచెలు మంచివి కావు సార్ అన్నాను. ఫోన్ పెట్టేసి చూస్తే అక్షిత ఆ ప్రింటును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తున్నది. "బాపు, గిది మీద నుంచి వేసిన తెలుపు కాదు. తెలుపు కిందున్నది" అన్నది. నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పలేదు.

అప్పుడు ఆమె పని మొదలుపెట్టింది. ప్లైవుడ్ పలక మీద సుద్దపొడి, జిగురు కలిపి పూత పెట్టింది. ఆరినాక గరుకు కాగితంతో రుద్దింది. మళ్లీ పూత, మళ్లీ రుద్దుడు. పలక కోడిగుడ్డు పెంకులాగా నున్నగా, తెల్లగా అయ్యేదాకా రంగు ముట్టలేదు. తర్వాత అవిసె నూనెలో రంగు కలిపి, ఉన్నదా లేదా అన్నట్టు పలుచగా ఒక పొర. అది ఆరడానికి రోజులు. దాని మీద ఇంకో పొర. కింది తెలుపు పై రంగుల్లోంచి బయటికి వస్తుందట, అదే ముఖంలో వెలుగట. ఎక్కడ నేర్చుకున్నావంటే ఫోన్‌లో చూశానన్నది. నేను పాతికేళ్లు నేర్చిన పనంతా తెలుపును మీద పెట్టడమే.

మొదట్లో నవ్వుకున్నాను. గిట్ల వేస్తే బోర్డు ఎప్పుడు అయితది, షాపు ఎప్పుడు తెరుస్తరు అన్నాను. ఆమె కూడా నవ్వింది. నెత్తిమీది బట్ట దగ్గర ఆగిపోయింది. ప్రింటులో మడతలు చూస్తే తెలుస్తలేదు బాపు, బట్టను కళ్లారా చూడాలె అన్నది. ఇద్దరం సిరిసిల్ల పోయాం. అక్షిత వాకిట్లో కుర్చీ వేసి, పక్కసందులో మగ్గం మీద నుంచి అప్పుడే దిగిన తెల్లబట్ట ముక్క తెచ్చి, మీ అమ్మ నెత్తికి చుట్టి పిన్నులు పెట్టింది.

"పోరీ, బతికుండంగనే తెల్లబట్ట కప్పుతున్నవా నాకు?" అన్నది మీ అమ్మ.

"అమ్మమ్మా, ఊకో. మెడ తిప్పకు."

"మెడ తిప్పకుంటే పప్పుల ఉప్పెవరు ఏస్తరే? మీ బాపు ఏస్తడా?"

చివరికి ఉప్పు నేనే వేశాను, అది వేరే సంగతి. మడత నిలబడడం లేదని అక్షిత అంటే, మీ అమ్మే లేచి పలుచని గంజి పెట్టి, ఆరబెట్టి, మళ్లీ కూర్చున్నది. ఆ మడతలు కత్తితో కోసినట్టు నిలబడ్డాయి. అక్షిత గీసుకుంటూ పోయింది. అయిపోయాక మీ అమ్మ అద్దంలో చూసుకున్నట్టు ఆ కాగితం చూసుకుని, నాకు వినపడేటట్టే అన్నది: "గీ సూపు మా ఇంటిది. పోగు పోగు లెక్కపెట్టే సూపు." బిడ్డ చెయ్యి చూసి బాపు పోలిక అంటుందేమోనని నేను చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ చాయ్ చల్లారిపోయింది.

అక్కడ పట్టుకున్నది నన్ను. ఏంటది అంటే, పేరు పెట్టి చెప్తున్నాను, ఓర్వలేనితనం. పరాయివాళ్ల మీద అయితే ఊళ్లో నలుగురితో చెప్పుకుని కడుపు ఖాళీ చేసుకోవచ్చు. కన్నబిడ్డ మీద కుళ్లుకుంటున్నానని ఎవరితో చెప్పను? పొద్దున లేవగానే ఆమె కంటే ముందే పోయి ఆ పలక చూసేవాడిని. ఎక్కడన్నా తప్పు దొరుకుతుందేమోనని చూసేవాడిని. నుదుటి దగ్గర ఆ పలుచని బట్ట వెనక నుంచి చర్మం కనిపిస్తుంది రాణీ. బట్టా ఉన్నది, బట్ట వెనక నుదురూ ఉన్నది. ఎట్లా వేసిందో ముక్కు ఆనించి చూసినా నాకు అంతు చిక్కలేదు. నన్ను ఒక్క మాట అడగలేదు ఆమె. చిన్నప్పుడు రెండు జడలు వేసుకుని నా నిచ్చెన కింద నిలబడి ఎరుపు డబ్బా అందించిన పిల్ల, ఎరుపులో ఏం కలపాలని కూడా నన్ను అడగలేదు.

ఇప్పుడు మా పనిలోని ఒక కట్టు గురించి చెప్పాలి. నీకు ఎప్పుడూ చెప్పలేదు, చెప్పే అవసరం రాలేదు. నేను నేర్చుకున్నప్పుడు మా ఉస్తాద్ సలావుద్దీన్ భాయ్ దగ్గర, బొమ్మంతా పనిపిల్లలు వేసినా సరే, ఆఖరున కంట్లో తెల్లటి మెరుపుచుక్క మాత్రం ఉస్తాదే పెట్టేవాడు. చుక్క ఎవరు పెడితే బొమ్మ వాళ్లది. కింద రాసే పేరూ వాళ్లదే. నేను నిచ్చెనెక్కి ఎండలో వేసిన బొమ్మలు ఎన్నో ఆయన పేరు మీద కోరుట్ల బస్టాండ్ చుట్టూ ఉండేవి. నేనెప్పుడూ మూతి ముడవలేదు. ఒక రోజు నేనూ ఉస్తాద్ అవుతాను, అప్పుడు చుక్క నాది అనుకునేవాడిని. నా వంతు వచ్చేసరికి ఫ్లెక్సీలు వచ్చాయి, పనిపిల్లలు సెల్‌ఫోన్ షాపులకు పోయారు. నా దగ్గర కుంచె పట్టిన మనిషి నా బిడ్డ ఒక్కతే మిగిలింది.

బొమ్మ పూర్తయిన రోజు ఆమె మార్కుల కాగితానికి కాలేజీకి పోయింది. నేను అన్నిటికంటే చిన్న కుంచె తీశాను. ఆ మనిషి కళ్లు కిందికి వాలి ఉన్నాయి. రెప్పల కింద సన్నటి గీతంత కన్ను కనిపిస్తుంది, అంతే. ఆ గీతలోనే చెరొక చుక్క పెట్టాను. నిజం చెప్తున్నా, పెట్టగానే నా ప్రాణం తెరిపిన పడ్డది. ఇక ఇది నాది అనుకున్నాను. సాయంత్రం ఆమె వస్తే "చుక్క పెట్టిన బిడ్డా" అన్నాను. ఆమెకు ఈ కట్టు తెలుసు, చిన్నప్పటి నుంచి నా కతలు విన్నదే కదా. బొమ్మను చాలాసేపు చూసింది. "సరే బాపు" అన్నది. నేను కులాసాగా మూల మీది హోటల్‌కు చాయ్ తాగపోయాను. వచ్చేసరికి దుమ్ము పడకుండా బొమ్మకు గుడ్డ కప్పింది. మళ్లీ విప్పి చూడాలని నాకు అనిపించలేదు. నా చుక్క నేను చూసుకున్నదే కదా.

బొమ్మ ఆరినాక ఫ్రేము బిగించి ఇద్దరం జగిత్యాల పట్టుకుపోయాం. సారు గుడ్డ తీసి, కళ్లద్దాలు సవరించుకుని, దగ్గరకు పోయి అట్లాగే నిలబడ్డాడు. లోపల కుర్చీలో పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నాడు పాపం.

"పోశం, ఇన్నేండ్లు గీ చెయ్యి ఏడ దాచినవ్?" అన్నాడు.

నేను చేతులు కట్టుకుని నవ్వాను. అక్షిత పక్కనే గుడ్డ మడతపెడుతూ ఉన్నది. నోరు తెరిచి ఒక్క ముక్క అనాల్సింది నేను. అనలేదు. నా చుక్క ఉన్నది కాబట్టి అబద్ధం కాదని నాకు నేనే చెప్పుకున్నాను.

సారు ఇంకా అన్నాడు. "గిదంత ఒక ఎత్తు, కండ్లు ఒక ఎత్తు. నీకున్న అలవాటుకు కండ్లల్ల తెల్లచుక్క పెడ్తవేమో అని భయపడ్డ. పెట్టలేదు సూడు. గక్కడనే తెలిసిపోయింది నాకు, నువ్వు మామూలోనివి కాదని."

అప్పుడు చూశాను బొమ్మ వంక. చుక్కలు లేవు. రెప్పల కింద ఆ సన్నటి గీత, దాని నీడ, అంతే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నా కళ్ల మీదికి పోయింది. అక్షిత నేల చూస్తున్నది. సారు మాత్రం ఆపలేదు. తన దోస్తు నడిపే స్కూల్లో బొమ్మలు నేర్పే మాస్టారు కావాలంటున్నారట, రేపే మాట్లాడతానన్నాడు. మీ దయ సార్ అన్నాను. నీకు ఫోన్‌లో ఆ సాయంత్రం చెప్పిన నౌకరి ముచ్చట ఇదే.

తిరుగు బస్సులో కిటికీ పక్కన ఆమె, ఇవతల నేను. కండక్టర్ ఆమెకు ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే జీరో టికెట్ కొట్టి నా చేతిలో పైసల టికెట్ పెట్టాడు. ఆ మాత్రానికి కూడా నాకు కడుపు మండిందంటే నవ్వుకో. ఊరు దాటినాక ఆమే మాట్లాడింది.

"బాపు, చుక్క నేనే తుడిచిన."

"ఎప్పుడు?"

"నువ్వు చాయ్‌కు పోయినప్పుడే. పచ్చిగనే ఉండె. ఆమె కిందికి సూస్తున్నది గదా బాపు. గక్కడ వెలుగు పడది."

"నాకు చెప్తే ఏమైతుండె?"

"చెప్తే తుడువనిస్తుంటివా?"

చేతిలోని టికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె నా వైపు తిరగకుండా, "పేరు నీదే ఉండనియ్. నౌకరి నీకస్తే అమ్మ అచ్చేస్తది గదా. నాకు అమ్మ కావాలె" అన్నది.

కోపంతో అన్నా తట్టుకుందును. మెత్తగా అన్నది. చిన్నప్పుడు ఆమె అలిగితే నేను నా పాత కుంచె ఒకటి ఇచ్చి ఊరుకోబెట్టేవాడిని, సరిగ్గా ఆ గొంతుతో అన్నది. నా బిడ్డ తన బొమ్మను నాకు దానం ఇచ్చింది రాణీ. దొంగతనం చేసినప్పుడు లేని సిగ్గు, దానం పుచ్చుకున్నప్పుడు వచ్చింది. నీకు దగ్గరగా ఉండాలని ఇచ్చిందని తెలుసు. తెలిసినా లోపల మంట ఆరలేదు. ఇంత బాగా వేసేది చాలక ఇంత మంచిది కూడా ఎందుకయింది అనిపించింది.

ఆ వారంలోనే ఒక్కడినే జగిత్యాల పోయాను. సారుకు చెప్పాను, బొమ్మ నా బిడ్డ వేసింది, నేను పెట్టింది రెండు చుక్కలు, అవి కూడా తను తుడిచేసింది అని. మొదట ఆయనకు నమ్మకం కుదరలేదు. తర్వాత, "మంచిదే గద పోశం. సంతోషపడాలె నువ్వు" అన్నాడు. సంతోషమే సార్ అన్నాను. ఇంకో అబద్ధం. స్కూల్ సంగతి మళ్లీ ఎత్తలేదు ఆయన, ఎత్తే మొహం నాకూ లేదు. "గసొంటి చెయ్యిని ఇంట్ల కూసోపెట్టకు. హైదరాబాద్‌ల బొమ్మల కాలేజీల చేర్పియ్యి, నాకు తెలిసిన మేడమ్ ఉన్నది, మాట్లాడ్త" అన్నాడు. మాట్లాడాడు కూడా. పరీక్ష రాయమన్నారు. అక్షిత దానికే ఇప్పుడు ఇంకో పలక మీద పని చేస్తున్నది. ఈసారి ఒక ముసలాయన బొమ్మ, ఆ దేశం వైపుదే.

ఇక నీ నాలుగో ప్రశ్నకు జవాబు. సంతకం పెట్టకు. గడువు అయిపోగానే వచ్చెయ్. నేను పోతున్నాను. దుబాయిలో మీ తమ్ముడు సాగర్ ఉన్న కంపెనీలోనే, గోడలకు రంగులు వేసే పని. పాస్‌పోర్ట్ కొత్తది వచ్చింది, డాక్టర్ పరీక్షలు కూడా అయినాయి. నీకు చెప్పకుండా ఇంతదూరం వచ్చినందుకు తిట్టు, పడతాను. అక్షిత ఒక్కతే ఎట్లా ఉంటుందని నువ్వు కంగారుపడే పని లేదు. నువ్వు వచ్చేదాకా మీ అమ్మ ఇక్కడే ఉంటానన్నది.

ఇక్కడ అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. పెండ్లాం ఇంటికి రావాలని, బిడ్డ చదువుకోవాలని, ఈ వయసులో ముసాఫిర్ అయితున్నడు అంటున్నారు. మీ అమ్మ అయితే నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. వాళ్లు అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ అసలు సంగతి నీకొక్కదానికే రాస్తున్నాను, నువ్వు కూడా నన్ను మంచివాడు అనుకోకూడదని.

నెల కిందట ఆ ముసలాయన బొమ్మలో చేతివేళ్ల కొలత తప్పింది. పొరల మీద పొరలు వేసినాక తప్పు బయటపడ్డది, సరిచేయడానికి లేదు, మొత్తం గీకెయ్యాలి. అక్షిత వంటింట్లోకి పోయి, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. పోయి తల నిమరాలి కదా ఏ తండ్రి అయినా? నా కడుపు చల్లబడింది రాణీ. ఎండలో పడి వచ్చినవాడికి మజ్జిగ తాగినట్టు అయింది. బిడ్డ ఏడుస్తుంటే నాకు హాయిగా ఉన్నది. ఆ హాయి నాకు తెలిసిన మరుక్షణం బయటికి వచ్చి, బజార్లో నిలబడి సాగర్‌కు ఫోన్ చేశాను.

అందుకే పోతున్నాను. ఉంటే ఈ చెయ్యి మళ్లీ ఆమె పలక మీదికి పోతుంది. ఈసారి చుక్కతో ఆగదు. దుబాయిలో గోడలకు ఎంత రంగు పూసినా ఎవరి మీదా కుళ్లుకునే పని ఉండదు. నన్ను అసహ్యించుకున్నా సరే, ఆమెకు మాత్రం ఈ మాట ఎప్పుడూ చెప్పకు. బాపు మన కోసం పోయిండు అనుకోనీ. ఈ ఒక్క అబద్ధం నా పేరు మీద ఉండనీ.

నువ్వు వచ్చినాక ఆమె కొత్త బొమ్మలు వేస్తుంది. ఫోటోలు నాకు పంపకు. బాపుకు చూపించవా అని ఆమె అడుగుతుంది, ఏదో ఒకటి చెప్పి తప్పించు. నా అంతట నేనే ఒకరోజు ఫోన్ చేసి, బిడ్డ ఏమేస్తున్నది అని అడుగుతాను. అడుగుతాననే ఆశ నాకున్నది. అప్పుడు పంపు.

ఇట్లు,
అక్షిత బాపు
పోశం